అహరోను ఎరిగిన గోడ

కిందటి వారం దీనమ్మని బేస్‌మెంట్ మెట్ల మీద, చేతిలో మోగుతున్న ఫోనుతో వదిలేసి వచ్చాం. ఆమె అక్కడికెలా చేరిందో మరిచినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ట్రాయ్‌లో హికరీ వీధి చివర, ఒక ముసలావిడ పోయాక అమ్మకానికొచ్చిన ఇంటిని దీనమ్మ, సామ్యూల్ కిందటి జులైలో కొనుక్కున్నారు. అక్టోబరులో వాళ్ల పన్నెండేళ్ల కూతురు అబిగేల్ పట్టుబట్టి ఒక పాముని తెచ్చుకుంది. విషం లేని బాల్ పైథాన్, మూడున్నర అడుగులది. అమ్మినవాడు బయటివాడు కాదు, తెలుగు సంఘంలో ముందు వరసలో కూర్చునే రాజారావు బ్రదర్. అహరోను కర్ర పామైన కథ సండే స్కూల్లో విన్న పిల్ల, దానికి అహరోను అనే పేరు పెట్టింది, తన ఇంగ్లీషు నోట అది ఏరన్. ఆ అహరోను తొమ్మిది వారాలుగా ఏమీ తినలేదు. మూత బిగించిన గాజు తొట్టిలోంచి నాలుగుసార్లు మాయమైంది. నాలుగుసార్లూ ఒకే చోట దొరికింది: బేస్‌మెంట్‌లో, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ ఉన్న గది పక్క గోడకి తల ఆనించి. నాలుగోసారి అది దొరికిన నిమిషంలోనే రాజారావు నుంచి ఫోనొచ్చింది.

"ప్రైజ్ ది లార్డ్, సిస్టర్. మళ్లీ బేస్‌మెంట్‌లోనేనా?"

 పాము పోయిందని దీనమ్మ ఇంకా ఎవరికీ చెప్పలేదు. సామ్యూల్ ప్లాంట్ పని మీద కెంటకీలో ఉన్నాడు. మంచు పడి స్కూలు మూసేశారు కాబట్టి అబిగేల్ పైన ఇంకా నిద్రలోనే ఉంది.

"మీకెలా తెలుసు బ్రదర్?"

"పొద్దున్న ప్రార్థనలో ఉంటే మీ ఇంటి కోసం భారం కలిగిందమ్మా. వెంటనే ఫోన్ చేశాను." ఆయన గొంతు ఎప్పటిలాగే తేనె కలిపినట్టుంది. "ఏ గోడ దగ్గర దొరికింది? ఫర్నేస్‌కి ఎడమవైపా, కుడివైపా?"

"ఎడమవైపు. ఎందుకు?"

"ఊరికే అడిగానమ్మా. చూడు, దానికి జబ్బేం లేదు, మొండితనం. నేనిచ్చిన కరెంటు వేడి రాయి ఇంకో రెండు పాయింట్లు పెంచు. బతికున్న ఎలకని వేసి, తొట్టి మీద దుప్పటి కప్పి వదిలెయ్. డాక్టర్ దగ్గరికి మాత్రం వద్దు. వాళ్లకి పాముల గురించి ఏం తెలుసు? పైగా రిపోర్ట్ అంటారు, ఇన్‌స్పెక్షన్ అంటారు. మీరు హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్లు, గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఎందుకొచ్చిన తలనొప్పి? వద్దు. సాయంత్రం నేనే వచ్చి బేస్‌మెంట్ చూస్తాలే."

ఇక్కడ దీనమ్మ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆవిడ టెస్టింగ్ లీడ్. డెవలపర్ ఎవడైనా వచ్చి "నా మెషిన్లో బాగానే పనిచేస్తోంది" అంటే, "ఏదీ, చూపించు" అనడం ఆమె ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా ఎవడి మాటా ఊరికే నమ్మకుండా జీతం తీసుకుంటున్న మనిషి. అలాంటిది రాజారావుని మాత్రం ఒక్కసారి కూడా "చూపించు" అనలేదు. పాము ఎక్కడ పుట్టింది, ఏం తింటోంది, దాని తల్లేది అని అడగలేదు. ఎందుకు అడుగుతుంది? గుడ్ ఫ్రైడే నాడు సంఘం ముందు నిలబడి, పాత బతుకు గురించి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పిన మనిషాయన. సాక్ష్యం చెప్పినవాడు సరుకు గురించి అబద్ధం చెబుతాడా అనుకుంది. మనవాళ్లు చేసే తప్పే ఇది. మనిషి భక్తిని చూసి సరుకు కొంటాం, సరుకుని మాత్రం చూడం. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా!

అయితే ఆ పొద్దున ఆయన ఒకే ఫోన్లో రెండుసార్లు "వద్దు" అన్నాడు. ఈ ఒక్క మాడ్యూల్ టెస్ట్ చెయ్యొద్దు అని ఎవరైనా అంటే, దీనమ్మ ముందుగా తెరిచేది దాన్నే.

ఆమె ఒళ్లో అహరోను కదలకుండా పడి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా సన్నగా ఈల వస్తోంది, పెదవి చివర నురగ బుడగ ఒకటి లేచి పగులుతోంది. ఇన్ని నెలలూ దాన్ని చూస్తే ఒళ్లు జలదరించేది ఆమెకి. ఇప్పుడు మాత్రం జాలి వేసింది.

"సరే బ్రదర్" అని ఫోన్ పెట్టేసి, పైకి వెళ్లి కూతుర్ని లేపింది. "లే నాన్నా. డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

* * *

అహరోనుని దిండు గలీబులో వేసి ముడి కట్టారు. తువ్వాలు చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి, చర్చి పిక్నిక్‌కి బిర్యానీ మోసే కూలర్ బాక్స్‌లో దాన్ని ఉంచారు. మంచులో కారు నత్తలా పాకింది. దారంతా ఆ పెట్టెలోంచి ఈల వినిపిస్తూనే ఉంది. అబిగేల్ పెట్టె మీద చెయ్యి వేసి, పెదాలు కదుపుతూ కూర్చుంది. ప్రార్థన చేసుకుంటోందని దీనమ్మ ఊరుకుంది. పిల్ల మొహం పాలిపోయి ఉందని కూడా అప్పుడే గమనించింది గానీ, నిద్ర చాల్లేదేమో అనుకుంది.

డాక్టర్ పేరు నిధి. ముప్పై ఏళ్లుంటాయేమో. ఇక్కడే పుట్టి పెరిగింది, తల్లిదండ్రులది వరంగల్. తెలుగు వినగానే ఆ అమ్మాయి మొహం విప్పారింది.

"ఓ, తెలుగా ఆంటీ? నా తెలుగు కొంచెం బ్యాడ్, ఓకేనా?" అంటూనే అహరోనుని రెండు చేతుల మీదికి తీసుకుంది. మరుక్షణం ఆ నవ్వు మాయమైంది. "ఆంటీ, ఇది చాలా కోల్డ్ ఉంది. ఇంట్లో ఎంత హీట్ ఇస్తున్నారు?"

"ఎనభై అయిదు ఫారెన్‌హీట్. తొట్టికి థర్మామీటర్ ఉంది."

"ఎక్కడ ఉంది అది? పైన గ్లాస్‌కి స్టిక్ చేసిందా, రౌండ్‌గా?"

"అవును. దీపం పక్కన."

"అది గ్లాస్ ఎంత హాట్ ఉందో చెప్తుంది. పాము గ్లాస్ మీద పడుకోదు కదా ఆంటీ, కింద పడుకుంటుంది."

దీనమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. సెన్సర్ ఎక్కడ పెట్టారో చూడకుండా రీడింగ్ నమ్మినందుకు కిందటి నెలే ఒక కుర్రాణ్ని మీటింగులో అందరి ముందూ కడిగేసింది తను.

డాక్టర్ పాముని మెల్లగా వెల్లకిలా తిప్పింది. తెల్లటి పొట్ట మీద గోధుమరంగు మచ్చలు, వరసగా, అట్టు మాడినట్టు. కొన్ని పాతవి, రెండు పచ్చివి.

"హీట్ రాక్?"

"బ్రదర్ ఇచ్చారు. అదొక్కటి చాలన్నారు."

"ఇవి బర్న్స్. తొట్టి అంతా చలి, రాక్ ఒక్కటే హాట్. పాపం ఎక్కడికి వెళ్తుంది? కాలుతున్నా దాని మీదే పడుకుంటుంది. చలికి లంగ్స్‌లో ఇన్ఫెక్షన్ వచ్చింది, అందుకే విజిల్ సౌండ్." ఆమె స్టెతస్కోపు పెట్టి వింది. "పాముకి ఓన్ హీట్ ఉండదు ఆంటీ. ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడికి వెళ్తుంది, బాడీలో ఫిల్ చేసుకుంటుంది. వెచ్చగా లేకపోతే తిన్నది డైజెస్ట్ అవ్వదు. అందుకే తినడం ఆపేస్తుంది. మొండితనం కాదు. లైవ్ ర్యాట్ ఇచ్చారా?"

"ఇవాళ వెయ్యమన్నారు."

"వద్దు వద్దు. ఇంత వీక్‌గా ఉంటే ఎలకే దీన్ని కొరికి తింటుంది." ఆమె కళ్లెత్తి చూసింది. "డాక్టర్ దగ్గరికి వెళ్లొద్దు అని కూడా చెప్పారా?"

దీనమ్మ తలూపింది. 

"ఇంకెవరినీ అడగొద్దు అని చెప్పేవాళ్ల దగ్గర ఏదీ కొనకూడదు ఆంటీ, పామైనా, కారైనా. ఇంకో వన్ వీక్ అదే తొట్టిలో ఉంటే చచ్చిపోయేది." రాసుకోడానికి పెన్ను తీసింది. "ఎన్ని రోజుల నుంచి తినట్లేదు?"

"తొమ్మిది వారాలు" అంది అబిగేల్. తర్వాత చిన్నగా, "నేను లెవెన్ డేస్" అంది.

దీనమ్మకి అర్థం కాలేదు. "ఏంటి నాన్నా లెవెన్ డేస్?"

"లంచ్. బ్రేక్‌ఫాస్ట్ కూడా, సమ్ డేస్." పిల్ల నేల చూపులు చూస్తోంది. "రాజారావు అంకుల్ చెప్పారు. ఉపవాస ప్రార్థన చేస్తే ఏరన్ తింటాడు అని. సీక్రెట్‌గా చెయ్యాలి, మమ్మీకి కూడా చెప్పొద్దు, అప్పుడే దేవుడు వింటాడు అన్నారు. బట్ వినట్లేదు మమ్మీ. ఐ థింక్ నేను సరిగ్గా చెయ్యట్లేదు."

రెండు వారాలుగా లంచ్ డబ్బా ఖాళీగా, శుభ్రంగా కడిగి ఇంటికొస్తోంది. పిల్లకి బుద్ధి వచ్చింది, తన పని తను చేసుకుంటోంది అని ఫోన్లో సామ్యూల్‌తో చెప్పి మురిసిపోయింది దీనమ్మ. ఆ డబ్బా ఇప్పుడు కళ్ల ముందు కనబడింది.  కోపమో, ఏడుపో తనకే తెలియలేదు. పిల్లని గట్టిగా దగ్గరికి లాక్కుంది. జాకెట్ కింద భుజం ఎముక చేతికి తగిలింది.

డాక్టర్ నిధి మోకాళ్ల మీద కూర్చుని పిల్ల కళ్లలోకి చూసింది. "అబిగేల్, లిజన్. ప్రేయర్ చెయ్యి, మంచిదే. కానీ తిను. ఇది చలికి తినట్లేదు, నీ వల్ల కాదు. నీ లంచ్‌కీ దీని లంచ్‌కీ లింక్ లేదు. దీన్ని నువ్వు వార్మ్‌గా ఉంచు, మిగతాది ఇదే చూసుకుంటుంది. ప్రామిస్?"

"ప్రామిస్. ఏరన్ బతుకుతాడా?"

"బతుకుతుంది. ఏరన్ ఆడది, బై ద వే."

కళ్లు తుడుచుకుంటూనే పిల్ల కిసుక్కున నవ్వింది. దీనమ్మ నవ్వలేదు. "మగది, రెండేళ్లది, మా గరాజ్‌లోనే పుట్టింది అన్నాడాయన" అంది.

"రెండేళ్లా?" డాక్టర్ మళ్లీ పాము మొహం చూసింది. "లేదు ఆంటీ. ఇది చాలా ఓల్డ్ లేడీ. వెయిట్, స్కిన్ కింద ఓనర్ డీటెయిల్స్ చిప్ ఉందేమో చూద్దాం."

స్కానర్‌ని అహరోను పక్క వెంబడి జరుపుతూ వెళ్లింది. మెడకి జానెడు కింద అది బీప్ మంది. డాక్టర్ ఆ నంబర్‌ని కంప్యూటర్లో కొట్టి, దీనమ్మ నింపిన ఫారాన్ని పక్కన పెట్టుకుని రెండూ మార్చి మార్చి చూసింది.

"ఓ, గుడ్. మీరు ఆల్రెడీ రిజిస్టర్ చేశారు. అడ్రస్ మీదే. నేమ్ ఒక్కటే అప్‌డేట్ చెయ్యలేదు."

"మేం ఏదీ రిజిస్టర్ చెయ్యలేదమ్మా."

"చూడండి మరి." స్క్రీన్ ఇటు తిప్పింది.

హికరీ వీధి. తమ ఇంటి నంబరే. ఊరు, పిన్ కోడ్ అన్నీ తమవే. యజమాని పేరు దగ్గర మాత్రం మిసెస్ వానెక్ అని ఉంది. ఇల్లు కొన్నప్పుడు కాగితాల మీద చూసిన పేరది, పోయిన ముసలావిడ పేరు. చిప్ వేసిన సంవత్సరం రెండు వేల మూడు.

బల్ల మీద అహరోను తల కొంచెం ఎత్తి, తలుపు వైపు, మంచు పడుతున్న బయటి వైపు చూస్తోంది.  ఇన్నాళ్లూ అది తప్పించుకుని పారిపోతోంది అనుకున్నారు వాళ్లు. అది తనింట్లో తను తిరుగుతోంది.

* * *

ఇంటికొచ్చేసరికి ఒంటిగంటయింది. డాక్టర్ ఇంజెక్షన్ వేసి, పది రోజులకి మందు ఇచ్చింది. తొట్టి పైకప్పుకి బిగించే వేడి పలక ఒకటి, దానికి కంట్రోలర్ ఒకటి అరువిచ్చింది. గురిపెట్టి మీట నొక్కితే ఎదురుగా ఉన్నదాని వేడి చెప్పే పిస్తోలు లాంటి థర్మామీటర్ కూడా ఇచ్చి, "వెచ్చటి వైపు ఎనభై ఎనిమిది, తొంభై మధ్య ఉండాలి. ఎవరి మాటా నమ్మొద్దు ఆంటీ, నాది కూడా. దీంతో మీరే కొలవండి" అంది. దీనమ్మకి ఆ మాట ఎంతో నచ్చింది.

ముందు పిల్లకి పప్పన్నం కలిపి, ఇంత నెయ్యి వేసి, దగ్గర కూర్చుని తినిపించింది. తర్వాత పాత తొట్టిని కొలిచింది. గాజుకి అంటించిన గుండ్రటి ముల్లు ఎనభై అయిదు దగ్గర హాయిగా నిలబడి ఉంది. పాము పడుకునే చోట అరవై ఏడు. వేడి రాయి మీద నూట పందొమ్మిది. ఆ రాయిని పీకి చెత్తబుట్టలో పారేసింది. తలుపు మూసుకుంటే వెచ్చగా ఉండే గది ఇంట్లో ఒక్కటే, పిల్ల పడగ్గది. తొట్టిని అక్కడికి మార్చి, మంచం పక్కనే గోడకి ఆనించి పెట్టింది. వేడి పలక బిగించింది. గది హీటర్ కూడా పెంచింది. అరగంటకల్లా గది మన ఒంగోలు మే నెలలా తయారైంది. అహరోను మెల్లగా చుట్ట విప్పుకుని, పలక కింద ఒళ్లంతా పరుచుకుంది. ఈల కొంచెం తగ్గింది.

అప్పుడు బేస్‌మెంట్ గుర్తొచ్చింది.

థర్మామీటర్ పట్టుకుని దిగింది. అబిగేల్ వెనకాలే వచ్చింది. నేల యాభై ఆరు. గోడలు యాభై ఎనిమిది. ఫర్నేస్ గది పక్కన, రేకు కొట్టి రంగు వేసిన గోడ వెంబడి నడుస్తూ మీట నొక్కుతూ పోయింది. యాభై ఎనిమిది, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. అహరోను తల ఆనించే చోటికి వచ్చేసరికి అంకె గబగబా ఎక్కింది.

ఎనభై ఎనిమిది.

పెద్ద తాంబాళమంత మేర. దానికి అటూ ఇటూ మళ్లీ గడ్డకట్టిన చలి. దీనమ్మ అరచెయ్యి ఆనించింది. జ్వరమొచ్చిన నుదురులా ఉంది రేకు. గోడ వెనక ముసలావిడ హీటర్ ఏదో వదిలేసి పోయింది కాబోలు, వెచ్చదనం కోసమే పాపం ఇది ఇక్కడికి వస్తోంది అనుకుంది. పెన్సిల్‌తో ఆ చోటు చుట్టూ గీత గీసింది. ఆ తర్వాత ఫోన్ తీసి రాజారావుకి మెసేజ్ పెట్టింది. 'బ్రదర్, ఇప్పుడే రండి. బేస్‌మెంట్ చూద్దురుగాని.'

ఆయన ఉండేది ముప్పై నిమిషాల దూరంలో, మంచు లేని రోజున. ఆరు నిమిషాలకి డోర్‌బెల్ మోగింది.

తలుపు తీస్తే ఆయన వెనక కారు కనబడింది. అద్దం ఒక్కటే తుడిచి ఉంది. కప్పు మీద, బానెట్ మీద జానెడు మంచు కదలకుండా కూర్చుంది. ముప్పై నిమిషాలు నడిచొచ్చిన బండి మీద అలా మంచు నిలవదు. వీధి చివర పొద్దుటి నుంచి ఆగి ఉన్న బండి అది. బేస్‌మెంట్ కిటికీలో ఎప్పుడు లైటు వెలుగుతుందా అని చూస్తూ కూర్చున్న బండి. ప్రార్థనలో కలిగిన భారం ఏపాటిదో దీనమ్మకి తెలిసిపోయింది.

"వందనాలమ్మా" అంటూ ఆయన బూట్లు విప్పాడు.

"అబ్బీ, నువ్వు పైకెళ్లి ఏరన్ దగ్గర ఉండు. తొట్టి ఎంతుందో కొలిచి చెప్తూ ఉండు" అని థర్మామీటర్ పిల్ల చేతికిచ్చింది. పిల్ల పరిగెత్తింది. "ఫ్రిజ్ థర్టీ ఎయిట్! విండో ఫార్టీ!" అని పై నుంచి కేకలు వినిపిస్తున్నాయి.

రాజారావు ఎవరూ చూపించకుండానే బేస్‌మెంట్ తలుపు తీసుకుని దిగాడు. చీకట్లోనే వాటర్ హీటర్ వెనకకి చెయ్యి పోనిచ్చి లైటు వేశాడు. ఆ స్విచ్ ఎక్కడుందో కనుక్కోడానికి దీనమ్మకి, సామ్యూల్‌కి వారం పట్టింది.

"ఆ స్విచ్ అక్కడుందని మీకెవరు చెప్పారు?"

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఈ ఇంటికి మీరు ఎన్నిసార్లు వచ్చారు బ్రదర్? డాక్టర్ దగ్గర చిప్ చూపించారు నాకు. మా ఇంటి ముసలావిడ పాముని మాకే అమ్మారు. మీ గరాజ్‌లో పుట్టిందని నా బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చెప్పారు."

మనిషి కూలబడినట్టు ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. తేనె గొంతు పోయింది, బొంగురు గొంతు మిగిలింది.

"రెండేళ్లు పనిచేశానమ్మా ఇక్కడ. ఆవిడ లేవలేకపోతే వారానికోసారి వచ్చి పాములకి తిండి పెట్టేవాణ్ని. ఆవిడ పోయాక, ఇల్లు అమ్మే ముందు అన్నీ తీసుకెళ్లాను, ఒక్కటీ మిగల్లేదు అని కాగితం మీద సంతకం పెట్టాను."

"మిగిలిందా?"

ఆయన ఆ గోడ వైపు చూస్తున్నాడు.

"ఒకటి గోడలోకి జారుకుందమ్మా. ఎక్కడ దారుందో నాకు దొరకలేదు. దీనికి తెలుసు. ఇరవై ఏళ్లు ఇక్కడ తిరిగింది. దీన్ని మీకిస్తే చూపిస్తుంది అనుకున్నాను. కడుపు నిండి వెచ్చగా ఉంటే పాము కదలదు. చలేస్తేనే, ఆకలేస్తేనే తిరుగుతుంది. అందుకే..."

"అందుకే ఆ రాయి. అందుకే ఆ థర్మామీటర్. తొట్టి మూత కూడానా?"

"క్లిప్ వదులు చేసి ఇచ్చాను."

దీనమ్మకి ఒళ్లు మండిపోయింది. తెలియక చెప్పిన సలహాలు అనుకుంది ఇంతసేపూ. ప్రతి ముక్కా తెలిసే చెప్పాడు. నూరు శాతం తెలిసి, తలకిందులుగా చెప్పాడు.

"మూగజీవాన్ని కాల్చారు, కడుపు మాడ్చారు, మీ పాపం మీది. నా బిడ్డేం చేసింది? పదకొండు రోజులు దాని నోటి దగ్గర కూడు లాగేశారు! దేవుడి పేరు చెప్పి! అమ్మకి చెప్పొద్దని చెప్పి! ఆదివారం మళ్లీ ముందు వరసలో కూర్చుంటారా? ఏ మొహంతో కూర్చుంటారు?"

"ఏడుస్తోందమ్మా పిల్ల, సండే స్కూల్ అయ్యాక. ఏం చెప్పాలో తోచక..." ఆయన చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. "తప్పేనమ్మా. కానీ ముందు అది దొరకాలి. మీకోసమే చెప్తున్నాను. ఇంట్లో పిల్లుంది."

ఆ ఆఖరి మాటకి దీనమ్మ గోడ దగ్గర నుంచి వెనక్కి జరిగింది.

"ఎంతది?"

రాజారావు లేచాడు. పెన్సిల్ గీత దగ్గర నిలబడి, గోడ వెంబడి పెద్ద పెద్ద అంగలు వేశాడు. ఒకటి. రెండు. మూడు. ఆగుతాడేమో అనుకుంది దీనమ్మ. నాలుగు. అయిదో అంగ వాటర్ హీటర్ దగ్గర వేసి, అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు.

"అది వేరే జాతి" అన్నాడు. "ఏప్రిల్ నుంచి దానికి నేను తిండి పెట్టలేదు."

పై నుంచి "తొట్టి నైంటీ! గుడ్!" అని అబిగేల్ కేక వినిపించింది.

ఆయన వెనక్కి వచ్చి పెన్సిల్ గీత లోపల అరచెయ్యి ఆనించాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "అహరోను తల ఆనించేది ఇక్కడేనా?"

"అక్కడే. పావుగంట క్రితం ఎనభై ఎనిమిది ఉంది. లోపల హీటర్ ఏదో వదిలేశారు..."

"హీటర్లన్నీ నేనే పీకేశానమ్మా, ఏప్రిల్లో. ఈ గోడ వెనక ఫర్నేస్ గొట్టం తప్ప ఏం లేదు. అది ఈ మూలకి రాదు." ఆయన చెయ్యి తీశాడు. "ఇది చల్లగా ఉంది."

దీనమ్మ తనూ ముట్టుకుని చూసింది. రేకు మంచుగడ్డలా ఉంది. హీటరైతే అలా చల్లారదు. పొద్దున్న డాక్టర్ అన్న మాట చెవిలో మళ్లీ వినిపించింది. పాముకి సొంత వేడి ఉండదు. ఎక్కడ వెచ్చగా ఉంటే అక్కడికి వెళ్తుంది. ఒంట్లో నింపుకుంటుంది.

ఈ ఇంట్లో ఇవాళ అన్నిటికంటే వెచ్చటి గదిని తన చేతులతో తనే తయారుచేసింది.

"మమ్మీ!" పై నుంచి అబిగేల్ గొంతు, హుషారుగా. "ఇంకో చోట ఎయిటీ ఎయిట్ వచ్చింది!"

దీనమ్మ మెట్ల వైపు ఒక్క అడుగు వేసింది.  "ఎక్కడ నాన్నా?"

"నా బెడ్ వెనక వాల్. కింద నుంచి పైకి, లాంగ్‌గా ఉంది మమ్మీ, చాలా లాంగ్." ఒక క్షణం ఆగింది. "ఏరన్ కూడా లేచి ఆ వాల్‌కే తల పెట్టింది."